హాలీవుడ్ జనవరి సినిమాకు టికెట్ కొనే ముందు

అమెరికాలో క్రిస్మస్ సెలవులు ముగిశాక థియేటర్లలో జనం పలచబడతారు కనుక, తమకే నమ్మకం లేని చిత్రాలను స్టూడియోలు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వదిలించుకుంటాయి. విడుదల తేదీ ఎన్నిసార్లు వాయిదా పడిందో ముందుగా చూడండి. విమర్శకులకు ముందస్తు ప్రదర్శన వేయకపోతే మొదటి ఆట మానుకుని, తొలిరోజు ప్రేక్షకుల అభిప్రాయాలతో సినిమాస్కోర్ అనే సర్వే సంస్థ ఇచ్చే గ్రేడు కోసం ఆగండి: 2012 జనవరి 6న వచ్చిన ‘ది డెవిల్ ఇన్‌సైడ్’ తొలి వారాంతంలో 3 కోట్ల డాలర్లకు పైగా రాబట్టినా, ప్రేక్షకులు దానికిచ్చిన గ్రేడు అన్నిటికన్నా తక్కువదైన ‘ఎఫ్’. ఆస్కార్ అర్హత కోసం డిసెంబరులో ఒకటి రెండు నగరాల్లో విడుదలై, జనవరిలో తక్కిన ఊళ్లకు చేరే చిత్రాలను మాత్రం వీటితో ఒకే గాటన కట్టకండి. ఆ నెలలో ముందుగా చూడవలసినవి అవేనని నా అభిప్రాయం. నెలను బట్టి కొట్టిపారేయడమూ అన్యాయమే, ఎందుకంటే ‘ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’ 1991 ఫిబ్రవరి 14న విడుదలై, మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంతో సహా 5 ఆస్కార్లు గెలుచుకుంది.