మేనేజర్ పోస్టుకి సైకోమెట్రిక్ టెస్టు ఎలా పెట్టాలి, రిపోర్టు ఎలా చదవాలి

ఆటోనగర్ వర్క్‌షాపులకి, గుంటూరు కోల్డ్ స్టోరేజీలకి, ఏలూరు రోడ్డు షోరూములకి మేనేజర్లని వెతికిపెట్టడం నా పని. ఈమధ్య ప్రతి ఓనరు గారూ "ఆ సైకోమెట్రిక్ ఏదో పెట్టించండి" అంటున్నారు, అంటే మనిషి తెలివినీ స్వభావాన్నీ ప్రశ్నలతో కొలిచే టెస్టు, మంచిదే, కానీ టెస్టు పెట్టించి రిపోర్టులో ఎర్రగా ఉన్న గీత ఒకటి చూసి మంచి మనిషిని ఇంటికి పంపేస్తున్నారు, అది చూసీ చూసీ ప్రాణం విసిగిపోయి రాస్తున్నా.

ముందు పోస్టుకి ఏం కావాలో కాగితం మీద రాయండి, నాలుగు లైన్లు చాలు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో అయితే సీజన్లో రైతులు, కమీషన్ వ్యాపారులు, హమాలీలు అందరూ ఒకేసారి మీద పడతారు, అక్కడ స్థిమితం కావాలి, లెక్క తప్పకూడదు. షోరూముకి కావాల్సింది వేరు.

టెస్టులు రెండు చాలు. ఒకటి బుర్ర ఎంత చురుగ్గా పని చేస్తుందో చూసేది, అంటే అంకెలు, పట్టికలు, రీజనింగ్. రెండోది బిగ్ ఫైవ్, అంటే మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా విడదీసి కొలిచే పద్ధతిలో తయారైన పర్సనాలిటీ ప్రశ్నావళి. మనిషికి నాలుగక్షరాల టైపు ఇచ్చే ఎంబీటీఐ అనే పర్సనాలిటీ టెస్టు వద్దు, దాన్ని అమ్మే కంపెనీయే ఉద్యోగాల ఎంపికకి వాడొద్దని చెప్తోంది. టెస్టు అమ్మేవాళ్ళని టెక్నికల్ మాన్యువల్, అంటే ఆ టెస్టుని ఎవరి మీద ఎలా పరీక్షించారో చెప్పే పుస్తకం అడగండి, ఇవ్వలేం అంటే కొనకండి.

పొద్దున 10 గంటలకే పెట్టాలి, భోజనం తర్వాత పెట్టకూడదు, ఎండాకాలం మధ్యాహ్నం అయితే అసలు పెట్టకూడదు. ఇన్వర్టర్ ఉన్న గది చూసుకోండి. గుంటూరు నుంచి బస్సులో వచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చి కాసేపు కూర్చోనివ్వండి. రీజనింగ్ టెస్టు లింకు పంపి ఇంట్లో రాయమనొద్దు, పక్కన ఇంజినీరింగ్ చదివే తమ్ముడు కూర్చుంటాడు. రిపోర్టు ఎవరెవరు చూస్తారో ముందే చెప్పి సంతకం తీసుకోండి.

భాష సంగతి మాత్రం గట్టిగా చెప్తా. తెలుగు మీడియంలో చదివి పదిహేనేళ్ళు గోడౌన్ నడిపినాయనకి టైము పెట్టి ఇంగ్లీషు పేరాగ్రాఫులిస్తే మీరు కొలిచేది ఆయన తెలివిని కాదు, ఇంగ్లీషు చదివే స్పీడుని. అలాగని ఆఫీసులో ఎవరితోనో తెలుగులోకి మార్పించకండి, ప్రశ్న మారితే పాత లెక్కలేవీ దానికి వర్తించవు. అలాంటి చోట బొమ్మలతో ఉండే రీజనింగ్ టెస్టే పెట్టాలి.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, అసలు కష్టం రిపోర్టు చదవడంలో ఉంది, ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

పర్సంటైల్ అంటే మార్కులు కాదు. జేఈఈ రాసే పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలిసిన ముక్కే ఇది, అయినా ఆఫీసులో కూర్చోగానే మర్చిపోతారు. 60 పర్సంటైల్ అంటే నూట్లో అరవైమంది కంటే బాగా రాశాడని, 60 మార్కులొచ్చాయని కాదు. ఇంకోటి, మధ్యలో మనుషులు కిక్కిరిసి ఉంటారు కాబట్టి 50కీ 60కీ మధ్య అసలు తేడా చాలా చిన్నది, 95కీ 99కీ మధ్య తేడా దానికి రెట్టింపు కంటే ఎక్కువ. 48 వచ్చిందని ఒకర్ని తీసేసి 57 వచ్చిందని ఇంకొకర్ని తీసుకోవడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

ఎవరితో పోల్చారో చూడండి. అవే జవాబులకి, కొత్తగా డిగ్రీ అయిన పిల్లలతో పోలిస్తే స్కోరు పైన కనపడుద్ది, అనుభవం ఉన్న మేనేజర్లతో పోలిస్తే మధ్యలోకొస్తుంది. ఇద్దరు క్యాండిడేట్లకి రెండు వేరే గుంపులతో పోలిక వేసి రిపోర్టు ఇచ్చిన సందర్భం నేను చూశా, ఎవరూ ఆ చిన్నక్షరాలు చదవలేదు.

పర్సనాలిటీ రిపోర్టుల్లో స్కోరు ఎక్కువగా స్టెన్‌లలో ఉంటుంది, 1 నుంచి 10 దాకా, సగటు 5.5. మామూలు ప్రశ్నావళిలో ఒక్క మనిషి స్కోరే అటూ ఇటూ ఒక స్టెన్ దాకా ఊగుతుంది, ఈరోజు 6 వచ్చిన మనిషికి మళ్ళీ పెడితే 5 రావొచ్చు, 7 రావొచ్చు. ఇద్దరి మధ్య పోలికలో ఇద్దరి ఊగులాటా కలుస్తుంది. అందుకే రెండు స్టెన్‌లు దాటని తేడాని నేను తేడాగా లెక్కపెట్టను, మీరూ పెట్టకండి. ఒక ఓనరు గారు 7 వచ్చినాయన్ని తీసుకుని 6 వచ్చినాయన్ని వద్దన్నారు, ఆ వద్దన్నాయన అదే సంస్థలో ఎనిమిదేళ్ళు స్టోర్స్ చూసిన మనిషి. ఎంత చెప్పినా వినలేదు, నాకిప్పటికీ బాధే.

"ఈ నాలుగిట్లో మీకు బాగా సరిపోయేది, అసలు సరిపోనిది" అని అడిగే పాత రకం టెస్టులున్నాయి చూడండి, వాటిలో ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాల్సిందే. అది ఒక మనిషి లోపల ఏది ఎక్కువో చెప్తుంది అంతే, దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

కొందరు ఎస్ఎస్‌బీలో, అంటే సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డులో పెట్టే బొమ్మ చూసి కథ రాయడం, ఒక మాట చూపిస్తే వెంటనే తోచింది రాయడం తెచ్చి ఇక్కడ పెడతారు. అక్కడ ఐదు రోజులు ఉంచుకుని, శిక్షణ ఉన్న సైకాలజిస్టు, గ్రూప్ టాస్కులు చూసేవాళ్ళు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు విడివిడిగా చూసి చివర్లో కలిసి తేలుస్తారు. ఆ ఏర్పాటంతా వదిలేసి ఆ కాగితం ఒక్కటి పట్టుకుంటే ఉపయోగం లేదు.

నా పద్ధతి ఒకటే, ఇంటర్వ్యూ మార్కులు వేసి కవరు అంటించాకే రిపోర్టు తెరవాలి. ముందు రిపోర్టు చూస్తే దాంట్లో ఉన్నదే మనిషిలో కనపడుద్ది. రిపోర్టు ఒక్కదాన్నే ఎందుకు నమ్మకూడదంటే, 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ళ పరిశోధనలు కలిపి తెలివితేటల టెస్టు స్కోరుకీ ఉద్యోగంలో పనితీరుకీ ఉన్న సంబంధం 0.51 అన్నారు (సంబంధమే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1), 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ అంకెని పైకి లేపిన గణాంక సవరణలు ఎక్కువైపోయాయని తేల్చి 0.31కి తెచ్చింది, అందరికీ ఒకే ప్రశ్నలడిగే ఇంటర్వ్యూకి 0.42 ఇచ్చింది. 0.31 అంటే పనితీరులో తేడాల్లో పదో వంతు మాత్రమే ఆ టెస్టు చెప్పగలదు, మిగతా తొమ్మిది వంతులు మీరే కనుక్కోవాలి.

కాబట్టి స్కోరు తక్కువొస్తే తీసెయ్యకుండా ఇంకోసారి పిలిచి, కూర్చోబెట్టి, "పోయిన సీజన్లో స్టాకు తేడా వచ్చినప్పుడు ఏం చేశారండీ" అని అడగండి, పాత యజమానికి ఫోన్ చెయ్యండి, ఆ జవాబు రిపోర్టు పక్కనే రాసుకోండి. తీసుకున్నా తీసుకోకపోయినా ప్రతి క్యాండిడేట్‌కీ ఇరవై నిమిషాలిచ్చి ఆయన రిపోర్టు ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఏడాదయ్యాక ఆ ఫైలు మళ్ళీ తీసి, మనిషి పని ఎలా ఉందో రిపోర్టు పక్కన పెట్టి చూసుకోండి.