సమాధులు చదవడం – 5వ పాఠం: సైనికుడి భార్య అని ఎవరు చెప్పారు?

పోయినసారి ఇచ్చిన బ్రూమ్ శ్మశానం అభ్యాసంలో చాలామంది తడబడ్డారు. ఉత్తర ఇంగ్లండ్‌లో, రోమన్ కోట పక్కన, క్రీ.శ. 3వ శతాబ్దపు దహన సమాధులు అవి. బహుశా ఆడవాళ్లవే అనుకున్న ఎముకలతో పాటు గుర్రం ఎముకలు, కత్తి ఒర భాగాలు కూడా దొరికాయి. కొందరు ‘వీరవనితలు’ అని రాశారు, కొందరు ‘అది మొగుడి కత్తి’ అని రాశారు. ‘బహుశా’ అన్న మాటను మాత్రం దాదాపు అందరూ వదిలేశారు. కాలిన ఎముక ముక్కల్లో ఆడా మగా తేల్చడం కష్టం. పైగా చితి మీద వస్తువులు పెట్టేది బతికున్నవాళ్లు. ఆ వస్తువుల్లో వాళ్ల ప్రేమ, హోదా, ఆచారం ఏదైనా ఉండొచ్చు.

వస్తువును బట్టి ఆడా మగా చెప్పడం కూడా మానేయండి. ఉత్తర ఇంగ్లండ్‌లోనే క్యాటరిక్ దగ్గర, జెట్ అనే నల్లని రాయితో చేసిన నగలతో పాతిపెట్టిన మనిషి ఎముకలను పరీక్షిస్తే యువకుడివని తేలింది.

ఇక నన్ను బాగా విసిగించే పొరపాటు: కోట దగ్గర ఆడమనిషి సమాధి కనిపిస్తే చాలు, సైనికుడి భార్య అనేయడం. ఉత్తర ఇంగ్లండ్‌లోని రోమన్ కోట ఊరు సౌత్ షీల్డ్స్‌లో దొరికిన, రెజీనా అనే ఆమె సమాధి రాయినే చూడండి. నేను శాసనం చదివాకే బొమ్మ చూస్తాను, మీరూ అలాగే చేయండి, లేకపోతే బొమ్మ మనల్ని లాక్కుపోతుంది. రాయి మీద ఉన్నది ఇంతే: ఆమె కాటువెల్లౌని అనే బ్రిటన్ తెగకు చెందినది, పాల్మైరాకు (సిరియాలోని నగరం) చెందిన బరాటెస్ బానిసత్వం నుంచి విడిపించి భార్యగా చేసుకున్నాడు, 30 ఏళ్లు బతికింది. కింద అతని సొంత లిపిలో ఒక్క వరుస: ‘రెజీనా, బరాటెస్ విడిపించినది, అయ్యో!’

బరాటెస్ సైనికుడని అందులో ఎక్కడుంది? లేదు. కార్‌బ్రిడ్జ్‌లో పాల్మైరా మనిషిదే ఇంకో రాయి ఉంది. అందులో జెండాకు సంబంధించిన పని పేరు ఉంది, కానీ మనిషి పేరు మొదటి అక్షరాలు చెడిపోయాయి. ఆ ఇద్దరూ ఒకరేనని అనుకోవచ్చు, రుజువైందని రాయకూడదు. ఒకరే అయినా, ఆ పదానికి జెండా మోసేవాడు అనీ, జెండాలు తయారుచేసే వ్యాపారి అనీ రెండు అర్థాలు చెబుతున్నారు. రెజీనాకు నగల పెట్టె, దారం వడికే కదురు చెక్కించి గృహిణిగా నిలబెట్టింది కూడా అతనే. ఆమె తన గురించి ఏం చెప్పుకునేదో ఆ రాయిలో లేదు.

సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలం దాకా సైనికుల పెళ్లిని రోమన్ చట్టం గుర్తించలేదు. అయినా సమాధి రాళ్ల మీద ‘భార్య’ అనే రాయించుకున్నారు, కాబట్టి చట్టాన్ని చూసి కుటుంబమే లేదనకండి.

అభ్యాసం: కార్‌వోరాన్‌లోని ఆరేలియా ఐయా రాయి తీసుకోండి. తండ్రి టైటస్, ఊరు సలోనా (ఇప్పటి క్రొయేషియాలో ఉంది), వయసు 33, ‘ఏ మచ్చా లేకుండా బతికింది’. భర్త ఆరేలియస్ మార్కస్, ఒబ్‌సీక్వెన్స్ అనే శతాధిపతి దళం వాడు. పది వాక్యాలు రాయండి. ప్రతి వాక్యం పక్కన అది రాయి చెప్పిందా, మీరు ఊహించారా అని గుర్తు పెట్టండి. సలోనా నుంచి ఆమె ఎలా వచ్చిందో ఒక్క వాక్యంలోనూ రాయకూడదు.