“సౌండ్ బాగాలేదు” అని ఎవరైనా మెసేజ్ పెడితే

సరదాకి గేమింగ్ పాడ్‌కాస్ట్ చేసేవాళ్లకు ఒక చిన్న చిట్కా. వినేవాళ్లు “సౌండ్ బాగాలేదు” అన్నారని వెంటనే కొత్త మైక్ కొనేయకండి. ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏ ఎపిసోడ్‌లో ఏ నిమిషం దగ్గర? దేంట్లో విన్నారు? ఇయర్‌ఫోన్స్‌లో బాగున్న గొంతు కారు స్పీకర్లలో రొదలో కలిసిపోవచ్చు.

చాలాసార్లు తేలేదేంటంటే, ఒకరి గొంతు పెద్దగా, ఇంకొకరిది చిన్నగా ఉంటుంది. ఇద్దరినీ వేర్వేరు ట్రాకుల్లో రికార్డ్ చేసి ఉంటే పని సులువు. ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. అందులోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో ముందు ఒక్కో ట్రాకునూ సమం చేసి, ఆ తర్వాత కలిపిన ఫైల్‌ను మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే యూనిట్) దగ్గర ఉంచండి. యాపిల్ పాడ్‌కాస్ట్స్ సూచించే స్థాయి కూడా అదే. సరిచేశాక ఆ మెసేజ్ పెట్టిన మనిషికే రెండు నిమిషాల ముక్క పంపి వినమనండి. ఇంతకన్నా మంచి టెస్టర్ దొరకరు!

మీరు గేమ్ గురించి తప్పు చెప్పారని ఎవరైనా పట్టుకుంటే వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే ఒక్క వాక్యంలో సరిదిద్దండి. వాళ్ల పేరు చెప్పాలనుకుంటే మాత్రం ముందు అడగండి. కథ ముందే చెప్పేశారన్న ఫిర్యాదుకైతే చాప్టర్ మార్కర్లు (ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చూపే గుర్తులు) పెడితే సరిపోతుంది, ఆ భాగాన్ని దాటేసుకుంటారు.

“మీకు ఆడటమే రాదు” టైపు మెసేజ్‌లకు నేనైతే జవాబివ్వను. ఒకసారి అర్ధరాత్రి కూర్చుని పేజీడు రాశాను, పొద్దున చదువుకుంటే నాకే నవ్వొచ్చింది.