కణంలో చుక్కలు – 4వ పాఠం: పొర మీద కోణం

కిందటి అభ్యాసంలో తామరాకు మీద నీటిబొట్టుకి స్పర్శ కోణం (బొట్టు అంచు ఆకుతో చేసే కోణం) కొలవమంటే చాలామంది 30 డిగ్రీలని రాసి పంపారు. నూనె రాసిన స్టీలు కంచానికి 110 అని రాసినవాళ్ళూ ఉన్నారు. అంటే నీటిని అంటనివ్వనిది తామరాకు కాదు, మీ ఇంట్లో కంచం అన్నమాట! రాసేముందు ఆ మాత్రం అనుమానం రావద్దూ?

కొంత తప్పు నాదీ ఉంది. కోణం ఏ వైపు కొలవాలో తెలిసే ఉంటుందని వదిలేశాను. బొట్టు అంచు ఆకుని తాకిన చోట బొట్టు వంపుకి స్పర్శరేఖ గీయండి. కోణమానిని బొట్టు లోపలి వైపు పెట్టండి, గాలి వైపు కాదు. గాలి వైపు 30 ఉంటే లోపల 150. అదే జవాబు. సున్నా అంటే పూర్తిగా పరుచుకుంది, 180 అంటే అసలు అంటుకోలేదు. స్పర్శ కోణాన్ని తలతన్యతలతో ముడిపెట్టే 1805 నాటి థామస్ యంగ్ సూత్రంలో వేయాల్సింది ఈ లోపలి కోణాన్నే. మిగతాది మూడో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను.

ఇక కణంలోకి వద్దాం. 2009లో బ్రాంగ్విన్, హైమన్ అనే శాస్త్రవేత్తల బృందం సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు కణాల్లో పీ-గ్రాన్యూల్స్‌ని, అంటే ప్రోటీన్, ఆర్‌ఎన్‌ఏ కలిసిన చుక్కల్ని, చూసింది. అవి కేంద్రకాల మీద పరుచుకుని, ఒత్తిడి పెడితే నీటి చుక్కల్లా కారాయి, రెండు తగిలితే ఒకటయ్యాయి. వాటి తలతన్యత మీటరుకి ఒక మైక్రోన్యూటన్ దరిదాపుల్లో ఉంటుందని లెక్క తేలింది. నీటిది 72 మిల్లీన్యూటన్లు. ఇంత నీరసపు చుక్క కణంలోని కొవ్వు పొరనేం చేస్తుందిలే అనుకోకండి. పొర మందం నాలుగైదు నానోమీటర్లే, అదీ మెత్తనిదే.

నాకు ఒళ్ళు మండే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మైక్రోస్కోపు ఫొటో తీసుకుని, పొరని కంచంలా భావించి ఒకే ఒక్క కోణం కొలిచేస్తారు. కంచం వంగదు. పొర కాచిన పాల మీద మీగడ లాంటిది, చుక్క అంచు లాగిన చోట మడత పడుతుంది. అందుకే అక్కడ మూడు కోణాలుంటాయి: చుక్క వైపు, బయటి ద్రవం వైపు, పొర చుట్టుకుని ఏర్పడ్డ బుడగ లోపలి వైపు. మూడూ కలిపితే 360. ఒకే పరీక్ష గొట్టంలో, అదే ప్రోటీన్, అదే ఉప్పు, పక్కపక్కనే రెండు కొవ్వు పొర బుడగలు. ఒకటి వదులుగా, ఇంకొకటి బిగువుగా ఉంటుంది. చుక్క వైపు కోణం రెండింటికీ వేరు. వెంటనే ‘ఈ పొరకి చుక్కంటే ఎక్కువ ఇష్టం’ అని రాసేస్తారు. ఇష్టం మారలేదండీ, బిగువు మారింది!

బిగువు ప్రభావాన్ని తీసేసే లెక్క ఇది. బయటి కోణం సైన్ లోంచి చుక్క వైపు కోణం సైన్ తీసేయండి. వచ్చినదాన్ని లోపలి కోణం సైన్‌తో భాగించండి. ఒకే గొట్టంలో ఆ సంఖ్య బుడగ మారినా మారదు. −1కి దగ్గరైతే పొర చుక్కని కోరుకుంటోంది, +1కి దగ్గరైతే బయటి ద్రవాన్ని.

పోట్స్‌డామ్ మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు సోయా గింజల్లోని గ్లైసినిన్ అనే ప్రోటీన్ చుక్కలతో చేసి 2023లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఉప్పు పెంచుతూ పోతే, అంటని చుక్క అంటుకుంది, చివరికి పొర మీద పూర్తిగా పరుచుకుంది. పొర కూడా ఊరుకోలేదు, చుక్కలోకి వేళ్ళలా చొచ్చుకుపోయింది. కణం తన చెత్తని తినే ఆటోఫేజీలోనూ ఇదే పేచీ: పొర పీ62 అనే ప్రోటీన్ చుక్కని మొత్తంగా చుట్టేస్తుందా, ముక్క కొరికి తీసుకెళ్తుందా? దాని సంగతి ఐదో పాఠంలో.

అభ్యాసం. మూడు బుడగలున్నాయి. కోణాలు బయట, చుక్క, లోపల అనే వరుసలో. క: 100, 130, 130. చ: 84, 116, 160. ట: 130, 100, 130. వీటిలో ఒకటి వేరే గొట్టంలోది, ఏది? మిగిలిన రెండింట్లో బిగువైనది ఏది? ఇది తేలాక, పొర వంగే మొండితనం 10⁻¹⁹ జౌళ్ళు అనుకుని, దాన్ని పీ-గ్రాన్యూల్ తలతన్యతతో భాగించి వర్గమూలం తీయండి. మీటర్లలో ఒక పొడవు వస్తుంది. అంతకంటే పెద్ద చుక్కలు పొరని తేలిగ్గా వంచుతాయి, చిన్నవాటికి కష్టం. 40 నానోమీటర్ల వెసికిల్ (చిన్న పొర బుడగ) పొరని ఈ చుక్క తన చుట్టూ తిప్పుకోగలదా? కారణంతో రాయండి.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూసుకోండి.