ఆమ్ల నేలలో ఆర్సెనిక్‌ను ఏ ఇనుప ఖనిజం పట్టి ఉంచిందో తేల్చడం ఎలా

మట్టిలో మొత్తం ఆర్సెనిక్ ఎంతుందో కొలిచినంత మాత్రాన అది నీళ్లలోకి వస్తుందో రాదో తెలియదు. దాన్ని పట్టుకున్న ఇనుప ఖనిజం ఏది, ఆ నేలలో నీళ్లు నిలుస్తాయా అన్నవే అసలు ప్రశ్నలు. ఆమ్లత్వం పెరిగితే లోహాలు కరిగి వస్తాయన్న మామూలు లెక్క ఇక్కడ పనికిరాదు. గాలి ఆడే ఆమ్ల నేలలో ఆర్సెనిక్ ఆర్సెనేట్‌గా (ఆక్సిజన్‌తో కలిసిన రూపంలో) ఉంటుంది. దానిది రుణావేశం. ఇనుప ఆక్సైడ్ల ఉపరితలానికి పీహెచ్ 8 దాకా ధనావేశమే కాబట్టి రెండూ గట్టిగా అతుక్కుంటాయి.

సల్ఫేట్ ఎక్కువున్న చోట, అంటే గని నీళ్లు పారే చోటో ఆమ్ల సల్ఫేట్ నేలలోనో, పీహెచ్ 3 కంటే తక్కువైతే జారోసైట్, 3 నుంచి 4.5 మధ్య ష్వెర్ట్‌మన్నైట్, 5 దాటితే ఫెర్రిహైడ్రైట్ అనే ఇనుప ఖనిజాలు ఏర్పడతాయి. ఇవి కాలక్రమంలో గోథైట్ అనే స్ఫటిక ఖనిజంగా మారతాయి. ఎక్స్‌రేలతో ఖనిజాలను గుర్తించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో ఫెర్రిహైడ్రైట్ కనిపించలేదని అది లేదనుకోవద్దు. దాని శిఖరాలు వెడల్పుగా, మసకగా ఉంటాయి.

నీటి అడుగు బురదను తీసిన వెంటనే గాలి తగలకుండా మూసి గడ్డకట్టించండి. గాలి తగిలితే కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి ఆర్సెనిక్‌ను మళ్లీ పట్టేస్తుంది, ఫలితం లేనిపోని ధైర్యమిస్తుంది. ఓవెన్‌లో ఆరబెట్టడం వద్దే వద్దు.

ఇక వరుస వెలికితీత, అంటే అదే మట్టి మీద ఒకదాని తర్వాత ఒకటిగా ద్రావణాలు వాడి ఆర్సెనిక్‌ను విడివిడిగా రాబట్టడం. 2 మి.మీ. జల్లెడ పట్టిన మట్టి 1 గ్రాము, ప్రతి దశలో 25 మి.లీ. ద్రావణం.

1. అమ్మోనియం సల్ఫేట్ (లీటరుకు 6.6 గ్రా.), 4 గంటలు కుదపాలి. వదులుగా ఉన్న ఆర్సెనిక్ వస్తుంది.
2. అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ (లీటరుకు 5.75 గ్రా.), 16 గంటలు. ఉపరితలానికి అతుక్కున్నది వస్తుంది.
3. 0.2 మోలార్ అమ్మోనియం ఆక్సలేట్, ఆక్సాలిక్ ఆమ్లంతో పీహెచ్ 3.25కి సరిచేసినది, చీకటిలో 4 గంటలు. ఫెర్రిహైడ్రైట్, ష్వెర్ట్‌మన్నైట్ కరుగుతాయి.
4. అదే ద్రావణంలో 0.1 మోలార్ ఆస్కార్బిక్ ఆమ్లం (లీటరుకు 17.6 గ్రా.) కలిపి, 96 డిగ్రీల నీటి తొట్టిలో 30 నిమిషాలు. గోథైట్, హెమటైట్ వంటి స్ఫటిక ఖనిజాలు కరుగుతాయి.
5. మిగిలినది నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో మైక్రోవేవ్‌లో జీర్ణం. ఆర్సెనోపైరైట్ (ఇనుము, ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే ఇక్కడ తేలుతుంది.

3, 4 దశల తర్వాత 12.5 మి.లీ. ఆక్సలేట్ ద్రావణంతో కడిగి, ఆ కడుగును కూడా కలపాలి. ప్రతిసారీ గొట్టాన్ని తూచండి, లేకపోతే అడుగున మిగిలిన ద్రావణం తర్వాతి దశ లెక్కలో దూరుతుంది. ఎక్కువమంది తప్పేది మూడో దశలోనే: వెలుతురు సోకితే ఆక్సలేట్ గోథైట్‌ను కూడా కరిగించేస్తుంది. గొట్టాలకు రేకు చుట్టండి. ఐసీపీ-ఎంఎస్‌లో (మూలకాలను ద్రవ్యరాశిని బట్టి కొలిచే పరికరంలో) కొలిచేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకండి. పరికరంలోని ఆర్గాన్, ఆమ్లంలోని క్లోరిన్ కలిసి ఆర్సెనిక్ ద్రవ్యరాశి అయిన 75 దగ్గరే సంకేతమిస్తాయి.

రెండో దశలో ఎక్కువ వస్తే ఆ నేలలో ఫాస్ఫేట్ ఎరువు ఆర్సెనిక్‌ను తోసేసే ప్రమాదముంది. మూడో దశలో ఎక్కువ వస్తే పొడి నేలగా ఉన్నంతకాలం భయం తక్కువ, నీళ్లు నిలిచి గాలి అందక ఆ ఇనుప ఖనిజాలు కరిగితేనే ముప్పు. అది తేల్చడానికి తడి మట్టి 20 గ్రాములు, ఆక్సిజన్ తీసేసిన నీళ్లు 100 మి.లీ. రబ్బరు బిరడా సీసాలో పోసి, నైట్రోజన్ నింపి చీకటిలో ఉంచండి. 1, 3, 7, 14, 28 రోజులకు వేరువేరు సీసాలు పెట్టుకోవాలి. నైట్రోజన్‌లోనే వడకట్టి పీహెచ్, ఫెర్రోజీన్ అనే రంగు కారకంతో 562 నానోమీటర్ల కాంతి దగ్గర ఫెర్రస్ ఇనుము (గాలి లేనప్పుడు నీటిలో కరిగే ఇనుము), ఆపైన ఆర్సెనిక్ కొలవండి. ఇనుము క్షయకరణ చెందేటప్పుడు, అంటే ఖనిజంలోంచి ఫెర్రస్ రూపంలోకి మారేటప్పుడు, ఆమ్లత్వం ఖర్చయి పీహెచ్ పెరుగుతుంది. ఫెర్రస్ ఇనుము పెరిగినా ఆర్సెనిక్ పెరగకపోతే అక్కడితో ఆపకండి. విడుదలైనది మిగిలిన ఆక్సైడ్ల మీద ఇంకా చోటు దొరికి ఆగి ఉండవచ్చు, ఆ చోటు నిండాక ఒక్కసారిగా బయటపడుతుంది.

సున్నం వేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 5.5 నుంచి 6.5 పీహెచ్ చాలు. ఇంకా పైకి తోస్తే ఆర్సెనేట్ పట్టు సడలుతుంది, జారోసైట్ విచ్ఛిన్నమై దాచిన ఆమ్లాన్ని విడుదల చేస్తూ ఉంటుంది. కాబట్టి సున్నాన్ని విడతలుగా వేసి, వడకట్టిన నీటిని ప్రతి విడత తర్వాతా కొలవాలి.