స్కిల్ ఫైల్‌ని టీమ్‌తో పంచుకునే ముందు

క్లాడ్ కోడ్ లాంటి ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కి రోజూ చెప్పే పనిని ఒక స్కిల్‌గా (అది చదివి పాటించే సూచనల ఫైల్‌గా) రాసి, రిపోలో (టీమ్ కోడ్ ఉండే గిట్ ఫోల్డర్‌లో) పెట్టి అందరికీ ఇవ్వడం మంచి అలవాటు. పుష్ చేసే (అంటే టీమ్ రిపోకి పంపే) ముందు మాత్రం ఇవి చూసుకోండి.

• అన్నిటికన్నా ముందు రహస్యాలు. ఏపీఐ కీ (ఒక సర్వీసుని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్), డేటాబేస్ పాస్‌వర్డ్, కస్టమర్ల అసలు వివరాలతో రాసిన ఉదాహరణ: వీటిని స్కిల్ ఫైల్‌లోనే కాదు, దానితో వెళ్ళే స్క్రిప్టుల్లోనూ వెతకండి. ఒకసారి కమిట్ అయిన (గిట్‌లో నమోదైన) కీని తర్వాతి కమిట్‌లో తీసేసినా గిట్ హిస్టరీలో ఉండిపోతుంది. పుష్ కూడా అయిపోతే వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

• మీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉండే ఫోల్డర్ పాత్‌లు తీసేయండి.

• స్కిల్ ఫైల్ మొదట్లో ఉండే డిస్క్రిప్షన్ శ్రద్ధగా రాయండి. స్కిల్‌ని ఎప్పుడు వాడాలో అసిస్టెంట్ తేల్చుకునేది దాన్ని చూసే. "డిప్లాయ్‌కి సాయం" అంటే చాలదు, ఏ సర్వీసుకో, ఏ సందర్భంలోనో చెప్పాలి.

• ఫైళ్ళు డిలీట్ చేసే, ప్రొడక్షన్‌ని (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్‌ని) ముట్టుకునే కమాండ్లు ఉన్నాయా? "నన్ను అడిగి చెయ్యి" అని రాసినంత మాత్రాన భరోసా లేదు, మోడల్ దాన్ని దాటేయవచ్చు. పర్మిషన్ సెట్టింగుల్లోనే ఆపండి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, దయచేసి మీరు తీసుకోకండి.

• కొత్తగా క్లోన్ చేసిన (కాపీ దించుకున్న) రిపోలో, కొత్త సెషన్‌లో ఒకసారి నడపండి. పాత సంభాషణలో మీరు చెప్పిన సంగతులు ఫైల్‌లో లేకపోతే ఆ లోటు అక్కడ బయటపడుతుంది.

• బయటివాళ్ళ స్కిల్ తెచ్చి కలుపుతుంటే ప్రతి లైనూ చదవండి. నెట్ నుంచి స్క్రిప్ట్ దించి నేరుగా రన్ చేసే కమాండ్ కనిపిస్తే దాన్ని కలపొద్దు.