పార్శిల్ అట్టలు, ప్లాస్టిక్ కవర్లు ఇంట్లో పేరుకుపోకుండా ఏం చేయాలి?

మొన్న కుక్కర్ రబ్బరు ఒకటి ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చాను. చెప్పుల జత పట్టేంత అట్టపెట్టె వచ్చింది. చుట్టూ మూడు వరుసల టేపు, లోపల గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్లు, వాటి కింద ఇంకో కవరు, అందులో అసలు సరుకు. అదే రబ్బరు మా సందు చివర స్టీలు సామాన్ల కొట్లో ఏ కవరూ లేకుండా మేకుకు వేలాడుతూ ఉంటుంది. బుద్ధొచ్చాక నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది.

1. విప్పేటప్పుడే వేరు చేయండి

ముందు అడ్రస్ స్టిక్కర్ చింపేయండి. దాని మీద మీ పేరు, చాలాసార్లు ఫోన్ నంబరు కూడా ఉంటాయి. తర్వాత టేపు లాగేసి, పెట్టెను మడిచి పొడిగా ఉన్న చోట పెట్టండి. పాత పేపర్లు కొనేవాళ్లు అట్టను కూడా కిలోల లెక్కన తీసుకుంటారు. తడిసినది, నూనె అంటినది మాత్రం ఇవ్వకండి, మిగతా అట్ట కూడా పాడవుతుంది.

2. ఏ ప్లాస్టిక్ ఎటు పోతుందో చూడండి

పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి పొడి చెత్తలో వేస్తే రీసైక్లింగ్‌కు పనికొస్తాయి. మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్క పూర్తిగా ఊడిపోకుండా చూడండి. అంత చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలతోనే చిక్కు. చాలావాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతికించి ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం కాబట్టి చెత్త ఏరేవాళ్లు కూడా వదిలేస్తారు. (చిప్స్ ప్యాకెట్లో గాలి ఎక్కువని తిడతాం గానీ, అది మెత్తబడకుండా, విరిగిపోకుండా నింపే నైట్రోజన్.)

3. ప్యాకెట్ సైజు కాదు, గ్రాము ధర చూడండి

కిలో కంటే తక్కువ బరువున్న ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతో పాటు గ్రాముకు ఎంత పడుతుందో కూడా వేస్తారు. రెండు ప్యాకెట్లను దాంతో పోల్చండి. సాషే షాంపూ ఒక్కోసారి సీసా కంటే చవకగా పడుతుంది. అప్పుడు డబ్బులా, చెత్తా అన్నది మీరే తేల్చుకోవాలి.

4. ఆర్డర్లు కలపండి

నాలుగు వస్తువులకు నాలుగు పార్శిళ్లు వద్దు. వారానికొకసారి ఒకే ఆర్డరు పెట్టండి. ఫుడ్ యాప్‌లో స్పూన్లు, టిష్యూలు వద్దని నొక్కండి.

5. స్వీట్ల కొట్లో మొహమాటపడకండి

నాకు ఎక్కువ మండేది ఇక్కడే. స్వీట్లతో పాటు అట్టడబ్బాను కూడా తూచేస్తారు. అంటే కాజూ బర్ఫీ ధరకు అట్ట కొంటున్నామన్నమాట. ఇంటి నుంచి స్టీలు డబ్బా తీసుకెళ్లండి. ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టించి, సున్నా చేయించి, ఆ తర్వాతే స్వీట్లు వేయించుకోండి. డబ్బా చుట్టూ పల్చటి ప్లాస్టిక్ చుట్టబోతే వద్దనండి. 2022 జూలై 1 నుంచి అది నిషేధం. డబ్బాతో కలిపే తూస్తామని పట్టుబడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మా దగ్గర అంతదాకా రాలేదు. రెండోసారి వెళ్లేసరికి కొట్టతనే "డబ్బా తెచ్చారా అండీ?" అని అడిగాడు.